బ్లాగు రాయడానికి కూర్చున్నాక దృష్టి నిలవకపోతే ఎక్కడ సరిచేసుకోవాలి?

నమస్కారం. మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందుగా చెప్పుకుంటాను. మీరు ఉద్యోగం చేస్తూ రెండేళ్ళుగా బ్లాగు నడుపుతున్నారు. రాత్రి పనులన్నీ ముగించుకుని రెండు గంటలు దానికి కేటాయిస్తున్నారు. కానీ కూర్చున్నాక ఒక లింకు తెరిస్తే అది మరో లింకుకు దారితీయడం, మధ్యమధ్యలో ఎంతమంది చదివారన్న గణాంకాలు, వ్యాఖ్యలు చూసుకోవడం, ఇలా పొద్దుపోయి, లేచే వేళకు నాలుగు వాక్యాలు కూడా మిగలడం లేదు. డ్రాఫ్టులు ముప్పై దాటాయి, బయటికి వచ్చిన టపా (బ్లాగు పోస్టు) మాత్రం నెలకు ఒక్కటే. ఏకాగ్రతకు ఏ పద్ధతి మంచిది, రోజూ రాయవలసిందేనా, కొన్నాళ్ళు ఆపితే పాఠకులు వెళ్ళిపోతారా అన్నవి మీరు అడిగిన విషయాలు.

సూటిగా జవాబు చెబుతాను. విషయం తేల్చుకోవడం, సమాచారం వెతకడం, రాయడం, దిద్దడం, ప్రచురించి ఫలితం చూసుకోవడం అనే అయిదు పనులను మీరు ఒకే విడతలో చేయబోతున్నారు. వాటిని విడదీయండి. రాయడానికి పెట్టుకున్న వేళలో రాయడం తప్ప మరేదీ చేయనవసరం లేకుండా ముందే ఏర్పాటు చేసుకోండి. ఈ ఒక్కటీ కుదిరితే, మీరిప్పుడు ఏకాగ్రత లోపం అనుకుంటున్న దానిలో అధికభాగం దానంతట అదే తగ్గుతుంది. యాప్‌లు, టైమర్లు ఆ తర్వాతి మాట.

ఉద్యోగం చేసుకుంటూనే నేను చాలా ఏళ్ళుగా బ్లాగు రాస్తున్నాను. కొంతకాలం నలుగురైదుగురు కలిసి రాసే బ్లాగుకు సంపాదకుడిగా కూడా ఉన్నాను. అక్కడ ఇతరులు ఎక్కడ ఆగిపోతున్నారో దగ్గరగా చూసే అవకాశం దొరికింది. ఒక టపా నిలిచిపోయిందంటే, రాసేవారికి భాష రాకనో ఓపిక లేకనో నిలిచిపోయిన సందర్భాలు చాలా తక్కువ. తాము పాఠకుడికి ఏం చెప్పబోతున్నారో తమకే ఇంకా తేలకముందు రాయడం మొదలుపెట్టడమే ఎక్కువ సందర్భాల్లో కారణం. అది తేలని మనిషి ఖాళీ తెర ముందు కూర్చుంటే చేయి సహజంగానే బ్రౌజరు వైపు పోతుంది, ఎందుకంటే అతనికి నిజంగానే ఇంకా సమాచారం కావాలి. దాన్ని సోమరితనం అనడం న్యాయం కాదు. ఆ వెతుకులాటకు మరో వేళ ఉండాలి, అంతే.

పనులను విడదీయమనడానికి నా అనుభవమే కాక మరో ఆధారం కూడా ఉంది. ఒక పని పూర్తి కాకుండానే మరో పనిలోకి మారినప్పుడు మన దృష్టిలో కొంత భాగం పాత పని మీదే ఉండిపోతుందని, దానివల్ల కొత్త పని నాణ్యత తగ్గుతుందని సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో చూపించారు. బ్లాగరు విషయంలో ఇది ఎంత తరచుగా జరుగుతుందో గమనించండి. రెండో పేరా మధ్యలో ఒక సంవత్సరం గుర్తుకు రాక వెతకడానికి వెళతాం. వెతికిన పేజీలో మన విషయానికే సంబంధించిన మరో వివాదం కనబడుతుంది. దాన్ని చదివి తిరిగి వచ్చేసరికి సంవత్సరం దొరికి ఉంటుంది గాని, పేరా ఏ ధోరణిలో సాగుతోందో ఆ ధోరణి పోయి ఉంటుంది. మళ్ళీ మొదటి వాక్యం నుంచి చదువుకుంటాం, చదువుతూ దిద్దుతాం, దిద్దుతూ అలసిపోతాం.

విషయం వేరు, టపా వేరు. మీ ముప్పై డ్రాఫ్టుల్లో అధికభాగం విషయాలే అయి ఉంటాయని నా ఊహ. ఒక ఉదాహరణ చెబుతాను. నేను ఎక్కువగా ఇంట్లో వాడే పరికరాల గురించి రాస్తాను. “ఫోన్ బ్యాటరీలు” అని ఒక డ్రాఫ్టు పేరు పెట్టుకుంటే అది ఎప్పటికీ పూర్తి కాదు, ఎందుకంటే దానికి ఎక్కడ ఆగాలో తెలియదు. “ఉబ్బిన బ్యాటరీని ఎందుకు వెంటనే వాడటం మానేయాలో, ఆ తర్వాత దాన్ని ఏం చేయాలో చెప్పాలి” అని ఒక పూర్తి వాక్యం రాసుకుంటే అది టపా అవుతుంది. ఆ వాక్యం ఏది అవసరమో, ఏది అనవసరమో తనే చెబుతుంది. ఎలక్ట్రోలైట్ (బ్యాటరీ లోపలి ద్రవం) విచ్ఛిన్నమై వాయువులు పుట్టడం, మూసి ఉన్న పొరలోంచి అవి బయటికి పోలేక బ్యాటరీ ఉబ్బడం, దాన్ని గుచ్చినా నొక్కినా మంటలు వచ్చే ప్రమాదం ఉండటం, మామూలు చెత్తలో వేయకుండా ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వడం వరకు టపాకు కావాలి. లిథియం అయాన్ బ్యాటరీల తొలి చరిత్ర, ఏ కంపెనీ ఫోన్‌లో ఎంత సామర్థ్యం ఉంది, వేగంగా ఛార్జ్ చేసే పద్ధతుల్లో ఏది మేలు అన్నవి ఎంత ఆసక్తికరంగా ఉన్నా ఈ టపాకు అక్కర్లేదు. వాక్యం లేకపోతే ఆ మూడూ మీ రెండు గంటలను మింగేస్తాయి.

ఆ వాక్యం రాసుకునే పని రాత్రి బల్ల దగ్గర చేయకండి. దానికి తీరిక వేళ చాలు. ప్రయాణంలోనో నడకలోనో తట్టినప్పుడు ఫోన్‌లో ఒకే ఫైలులో రాసిపెట్టుకోండి. వారానికి ఒకసారి ఆ ఫైలు తెరిచి, అందులోంచి రాబోయే వారానికి ఒకటి లేదా రెండు మాత్రమే ఎంచుకుని, ప్రతిదాని కింద నాలుగైదు ముఖ్యాంశాలు వరుసగా పెట్టుకోండి. ఎంచుకోవడం అయ్యాక మళ్ళీ మార్చకూడదన్న నియమం పెట్టుకుంటే మరీ మంచిది. రాయడానికి కూర్చున్న రోజున “ఇది కాదు, ఇంకోటి రాస్తే బాగుండేది” అనిపించడం చాలా సహజం, కానీ ఆ ఆలోచన ఎంత గొప్పదైనా ఫైలులో ఒక వరుసగా చేరాలి తప్ప ఆ రాత్రి పనిగా మారకూడదు. ఆరంభశూరత్వం అంటే మనవాళ్ళు పట్టుదల లేకపోవడాన్నే దెప్పుతారు గాని, బ్లాగర్ల విషయంలో అది ఎక్కువగా ఇలా మధ్యలో విషయం మార్చడం వల్లే వస్తుంది.

సమాచార సేకరణకు విడిగా ఒక విడత పెట్టుకోండి. అందులో ఎన్ని ట్యాబులైనా తెరవండి, ఎంత దూరమైనా వెళ్ళండి. ఆ రోజు పనే అది. కానీ చదివినదాన్ని లింకుల రూపంలో దాచుకోకుండా మీ మాటల్లో ఒకటి రెండు వాక్యాలుగా రాసుకుని, పక్కన ఎక్కడ చదివారో పెట్టుకోండి. లింకులు మాత్రమే దాచుకుంటే రాసే రోజున వాటన్నిటినీ మళ్ళీ తెరవవలసి వస్తుంది. అప్పుడది ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడం మొదలుపెట్టినట్టే ఉంటుంది. సేకరణ ముగిశాక ట్యాబులన్నీ మూసేయండి. మూయడానికి చేయి రాకపోతే, మీ నోట్సులో ఇంకా ఏదో రాసుకోవలసింది మిగిలి ఉందని అర్థం.

ఇక రాయడం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు పోగొట్టుకుంటున్న సమయమంతా ఇక్కడే పోతోంది.

మొదటగా, బ్లాగు డాష్‌బోర్డులో నేరుగా రాయకండి. అక్కడ గణాంకాలు ఉంటాయి, ఆమోదం కోసం ఎదురుచూసే వ్యాఖ్యలు ఉంటాయి, నవీకరించమని అడిగే ప్లగిన్లు (బ్లాగుకు అదనపు సౌకర్యాలిచ్చే చిన్న ప్రోగ్రాములు) ఉంటాయి. వాటిలో ప్రతిదీ “ఒక్క నిమిషం” అంటూనే పిలుస్తుంది. బ్లాగులు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ 2023లో 6.2 వెర్షన్‌తో ఎడిటర్‌లో పరధ్యానం కలిగించే మెనూలన్నిటినీ కనబడకుండా చేసే పద్ధతిని చేర్చింది. అది వాడటం కొంత మేలు. అయినా నేను మాత్రం ఏ అలంకరణా లేని సాదా టెక్స్ట్ ఎడిటర్‌లో, ఇంటర్నెట్ ఆపేసి రాస్తాను. అక్షరాల పరిమాణం, బొమ్మల స్థానం, శీర్షికల రంగు చూసుకోవలసింది టపా పూర్తయ్యాక. సగం రాసిన టపాకు బొమ్మ వెతకడం నేను చూసిన కాలహరణాల్లో అగ్రస్థానంలో ఉంటుంది.

రెండవది, రాస్తూ ఉండగా తెలియని వివరం ఎదురైతే ఆగకండి. ఒక గుర్తు పెట్టి ముందుకు సాగండి. నేను వాడే గుర్తు రెండు స్టార్లు. పైన చెప్పిన బ్యాటరీ టపా డ్రాఫ్టులో ఒక వాక్యం ఇలా ఉండేది: “ఉబ్బడానికి కారణమైన వాయువుల్లో ప్రధానమైనవి ** పేర్లు చూడాలి **, ఇవి లోపలి ద్రావకం విడిపోవడం వల్ల పుడతాయి.” రాయడం పూర్తయ్యాక ఎడిటర్‌లో ఆ గుర్తును వెతికితే ఖాళీలన్నీ ఒక్కొక్కటిగా వస్తాయి, అన్నింటినీ ఒకే విడతలో నింపవచ్చు. మామూలు వాక్యాల్లో రాని గుర్తు ఏదైనా సరిపోతుంది. ఈ చిన్న అలవాటు ఇచ్చినంత ప్రయోజనం నాకు ఏ యాప్ కూడా ఇవ్వలేదు. ఖాళీలు నింపేటప్పుడు వాటిలో కొన్ని అసలు అవసరమే లేవని తేలడం కూడా మామూలే.

మూడవది, మొదటి పేరాను చివర రాయండి. చాలామంది మొదటి పేరాను మళ్ళీమళ్ళీ చెక్కుతూ ఆ రాత్రికి అక్కడే ఆగిపోతారు. టపా ఏ రూపం తీసుకుంటుందో తెలియకముందు దాని ప్రవేశిక ఎలా ఉండాలో ఎవరికీ తెలియదు. మీకు అన్నింటికంటే బాగా తెలిసిన అంశం ఏదో అక్కడి నుంచి మొదలుపెట్టండి, అది మూడో అంశమైనా సరే. మేము కలిసి రాసిన బ్లాగులో ఒక మిత్రుడు ఎప్పుడూ రెండు పేరాల ఉపోద్ఘాతం రాసి, అలసిపోయి, మిగతాది హడావిడిగా ముగించేవారు. ఆయన టపాలకు నేను చేసిన సంపాదకత్వమంతా ఆ రెండు పేరాలు తీసేయడమే. పాఠకులెవరూ అవి లేవని గుర్తించలేదు.

నాలుగవది, లేచే ముందు రెండు నిమిషాలు ఉంచుకుని, తర్వాత ఎక్కడ మొదలుపెట్టాలో రాసిపెట్టండి. ఇది కూడా ఒట్టి ముచ్చట కాదు. పైన చెప్పిన లెరోయ్, థెరీసా గ్లోంబ్‌తో కలిసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, పనిని మధ్యలో ఆపవలసి వచ్చినవారు ఎక్కడ ఆపారో, తిరిగి వచ్చాక ఏం చేయాలో క్లుప్తంగా రాసుకున్నప్పుడు ఆ తర్వాతి పనిలో వారి దృష్టి మెరుగ్గా నిలిచిందని తేలింది. బ్లాగరుకు దీనివల్ల రెండు విధాల లాభం ఉంది. ఆ రాత్రి నిద్రపోయేటప్పుడు టపా తలలో తిరగదు, మర్నాడు ఆఫీసు పనిలో అది అడ్డు రాదు. మళ్ళీ కూర్చున్నప్పుడు మొదటి పావుగంట పాతది చదువుకోవడంలో పోదు. నా నోట్ సాధారణంగా ఇలా ఉంటుంది: “తర్వాత రాయవలసింది: ఉబ్బిన ఫోన్‌ను ఛార్జింగ్‌లో పెట్టకపోవడం. ఆ తర్వాత పారవేయడం. పైది చదవకుండా నేరుగా ఇక్కడే మొదలుపెట్టు.” ఆఖరి వాక్యం ముఖ్యం. పైది చదివితే దిద్దడం మొదలవుతుంది.

ఇక టైమర్ల సంగతి. 1980ల చివర ఫ్రాన్సెస్కో సిరిల్లో రూపొందించిన పొమొడోరో పద్ధతి గురించి మీరు వినే ఉంటారు: 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. కూర్చోవడానికే మనసొప్పని రోజున అది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే 25 నిమిషాలు ఎవరినీ భయపెట్టవు. దిద్దడానికి, ఖాళీలు నింపడానికి, పాత టపాల్లో చెడిపోయిన లింకులు సరిచేయడానికి కూడా సరిపోతుంది. కానీ రాత సాగుతున్నప్పుడు గంట మోగిందని ఆపడం నాకు అర్థంలేని పనిగా అనిపిస్తుంది. రాసే విడతకు నేను ముప్పావుగంట నుంచి గంట వరకు పెట్టుకుంటాను, అంతకు మించి లాగను. పగలంతా ఉద్యోగం చేసి వచ్చిన మనిషికి రాత్రి రెండు గంటల నాణ్యమైన రాత సాధ్యమని నేను నమ్మను. మీ రెండు గంటలను ఒక గంట రాతగా, మిగిలినది నిద్రగా మార్చుకుంటే ఇప్పటికంటే ఎక్కువే రాస్తారు. వీలైతే ఆ గంటను ఉదయానికి మార్చి కొన్నాళ్ళు చూడండి. కొందరికి అది అసలు పడదు, పడనివారు పట్టుబట్టి చేయనవసరం లేదు.

వేళ విషయంలో ఒక మెలకువ ఉంది. “ఈ రాత్రి రాస్తాను” అన్న నిర్ణయం బలహీనమైనది. “పిల్లలు పడుకుని గదిలో దీపం ఆర్పగానే ఫోన్‌ను హాల్లో పెట్టి ఫైలు తెరుస్తాను” అన్న నిర్ణయం బలమైనది. ఫలానా సందర్భం రాగానే ఫలానా పని చేస్తానని ముందే ముడిపెట్టుకోవడం గురించి మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ చాలాకాలం పరిశోధించారు. ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 2006లో 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు, లక్ష్యాన్ని ఊరికే పెట్టుకోవడం కంటే ఇలా ముడిపెట్టుకోవడం చెప్పుకోదగిన తేడా తెస్తుందని తేలింది. గడియారం వేళకు ముడిపెట్టడం కంటే, ఇంట్లో ఎలాగూ జరిగే పనికి ముడిపెట్టడం ఉద్యోగస్తులకు నయం. ఆఫీసు నుంచి రావడం ఆలస్యమైనా ఆ ముడి తెగదు.

రోజూ రాయాలా అన్నారు. అక్కర్లేదు. మీరు ఆపకుండా నిలుపుకోగల వేగం ఏదో అదే మీ వేగం. వారానికి మూడు విడతలు రాతకు, ఒకటి సేకరణకు, ఒకటి దిద్దడానికి పెట్టుకుంటే నెలకు రెండు మూడు మంచి టపాలు వస్తాయి. ఒక రోజు తప్పితే గొలుసు తెగిపోయిందని బెంగపడేవారి కోసం ఒక మాట: లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం అలవాట్లు ఎలా స్థిరపడతాయో పరిశీలించినప్పుడు, దానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల వరకు మారింది. ఒకసారి తప్పిపోవడం వల్ల మొత్తం ప్రక్రియకు చెప్పుకోదగ్గ నష్టం కలగలేదు. వారు చూసినవి తినడం, తాగడం, వ్యాయామం వంటి చిన్న అలవాట్లు కాబట్టి రాతకు ఆ అంకెలను అలాగే అన్వయించడం కుదరదు. రాత ఇంకా కష్టమైన పని. అయినా 21 రోజుల్లో అలవాటైపోతుందని చెప్పే మాటలు నమ్మి, ఇరవై రెండో రోజున తమను తాము తిట్టుకునేవారికి ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

వేగంతో పాటు నిల్వ కూడా ఉండాలి. పూర్తయిన టపాలు రెండు మూడు ఎప్పుడూ చేతిలో ఉంచుకుని, షెడ్యూల్ చేసి వాటంతట అవే వెలువడేలా పెట్టండి. నిల్వ ఉన్న బ్లాగరు ఈ వారం ఏదో ఒకటి వేయాలి కదా అన్న తొందరలో రాయడు. ఆ తొందరే పాతికమంది ఇప్పటికే రాసిన విషయాన్ని మనచేత మళ్ళీ రాయిస్తుంది. జ్వరం వచ్చినా, ఆఫీసులో పని ముంచుకొచ్చినా బ్లాగు ఆగదు. మొదట్లో నిల్వ ఏర్పడాలంటే ఒకటి రెండు వారాలు ఏదీ ప్రచురించకుండా రాయవలసి వస్తుంది. పూర్తయిన దాన్ని వెంటనే బయటపెట్టాలన్న ఆరాటం అప్పుడు బాగా ఇబ్బంది పెడుతుంది, ఓర్చుకోండి.

గణాంకాల గురించి కటువుగానే చెబుతాను. రాసే రోజున వాటిని చూడకండి. చూసిన అంకె పెద్దదైతే ఉత్సాహంలో రాయలేరు, చిన్నదైతే నిరుత్సాహంతో రాయలేరు. పైగా వాటిని రోజూ చూడటం వల్ల తెలిసేది దాదాపు శూన్యం. సెర్చ్ ద్వారా పాఠకులు రావడానికి టపాకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఉన్న తేడాకు మీ రాతతో సంబంధం ఉండకపోవచ్చు. సెర్చ్‌లో మీ బ్లాగు ఎలా కనబడుతోందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్ 16 నెలల సమాచారాన్ని దాచి చూపిస్తుంది కాబట్టి ఏ రోజుకారోజు చూడకపోతే ఏదో జారిపోతుందన్న భయం అవసరం లేదు. నెలకు ఒక రోజు పెట్టుకుని, అందులో రెండే విషయాలు చూడండి. మీరు ఊహించని ఏ ప్రశ్నలతో జనం మీ టపా దగ్గరికి వస్తున్నారు అన్నది ఒకటి. అక్కడ మీకు కొత్త టపా వాక్యాలు దొరుకుతాయి. చాలామందికి ఫలితాల్లో కనబడుతున్నా ఎవరూ నొక్కని టపాలు ఏవి అన్నది రెండోది. వాటికి శీర్షిక మార్చాలో, లోపల సమాచారం పాతబడిందో చూడాలి.

పాత టపాలను మెరుగుపరచడం కూడా రాతే. తల పనిచేయని రోజున కొత్తది రాయబోయి విసుగు తెచ్చుకునే బదులు పాతది ఒకటి తీసి తప్పులు దిద్దండి, మారిన వివరాలు చేర్చండి. లోపల ఏమీ మార్చకుండా తేదీ మాత్రం కొత్తది వేసే ఉపాయం మాత్రం వద్దు. గూగుల్ తన మార్గదర్శకాల్లో దాన్ని సెర్చ్ కోసమే చేసే పనులకు గుర్తుగా పేర్కొంది. అదే మార్గదర్శకాల్లో, తమకు నచ్చిన పదాల సంఖ్య అంటూ ఏదీ లేదని కూడా స్పష్టంగా ఉంది. ఇది మీకు ఉపయోగపడే సంగతి. ఎన్ని పదాలు ఉండాలో ఎక్కడో చదివి, చెప్పవలసింది అయిపోయాక కూడా సాగదీస్తూ కూర్చోవడంలో ఎంతోమంది బ్లాగర్ల సాయంత్రాలు కరిగిపోతున్నాయి. విషయం అయిదారు పేరాల్లో ముగిస్తే అక్కడ ఆపేయండి.

దిద్దడానికి హద్దు పెట్టుకోండి. ఉన్న వ్యవధినంతా నింపేదాకా పని సాగుతూ పోతుందని బ్రిటిష్ రచయిత పార్కిన్సన్ 1955లో ది ఎకనామిస్ట్‌లో వ్యంగ్యంగా రాసిన మాట దిద్దుబాటుకు అచ్చంగా సరిపోతుంది. నా పద్ధతి ఇది: రాసిన రోజున దిద్దను. కనీసం ఒక రాత్రి గడిచాక, ఒకసారి వాస్తవాల కోసం, ఒకసారి గట్టిగా చదువుతూ వాక్యాల కోసం చూస్తాను. గట్టిగా చదివితే నాలుక తడబడిన చోటల్లా వాక్యం విరగ్గొట్టాలి. ఆ రెండు విడతలు అయ్యాక ప్రచురిస్తాను. బ్లాగుకు ఉన్న సౌకర్యమే ప్రచురించాక కూడా దిద్దుకోగలగడం. అచ్చుపుస్తకానికి చూపవలసినంత భయం దీనికి చూపనవసరం లేదు. వైద్యం, డబ్బు, చట్టం వంటి విషయాలు రాసేవారికి ఈ వెసులుబాటు వర్తించదు, వారు ప్రచురించే ముందే నిపుణులకు చూపించుకోవాలి.

ప్రచురించే వేళ, వ్యాఖ్యలకు జవాబిచ్చే వేళ కూడా రాసే వేళకు దూరంగా ఉండాలి. టపా బయటికి పంపి, సామాజిక మాధ్యమాల్లో లింకు పెట్టి, ఎవరు ఏమన్నారో చూస్తూ ఉండే ఆ గంటను ఎవరూ పూర్తిగా మానుకోలేరు, నేనూ మానుకోలేదు. అందుకే షెడ్యూల్‌ను నేను ఆఫీసుకు బయలుదేరే వేళకు పెడతాను. జవాబులు మర్నాడు ఒకే విడతలో రాస్తాను. వ్యాఖ్య రాసినవారికి ఒక రోజు ఆలస్యం పట్టింపు కాదు, ఆలోచించి ఇచ్చిన జవాబును గౌరవంగానే తీసుకుంటారు.

ఏఐ చాట్‌బాట్ల గురించి మీరు అడగలేదు గాని, ఇప్పుడు ఎవరైనా ఆ సలహా ఇస్తారు కాబట్టి చెబుతున్నాను. అక్షరదోషాలు పట్టడానికి, “ఈ విషయంలో పాఠకుడికి ఇంకా ఏ సందేహాలు రావచ్చు” అని అడగడానికి అవి పనికొస్తాయి. డ్రాఫ్టే వాటిచేత రాయిస్తే, అందులోని ప్రతి వాస్తవాన్నీ సరిచూడటానికి, ప్రతి వాక్యాన్నీ మీ గొంతుకు మార్చడానికి పట్టే సమయం మీరే రాయడానికి పట్టే సమయం కంటే తక్కువేమీ కాదు. మీ అనుభవం కోసం వచ్చే పాఠకుడికి అది దొరకదు కూడా.

ఆ ముప్పై డ్రాఫ్టులను ఒక సెలవు రోజున కూర్చుని వడపోయండి. ఒక్కో డ్రాఫ్టుకు ఒక వాక్యం రాయడానికి ప్రయత్నించండి. అయిదు నిమిషాల్లో వాక్యం రానిదాన్ని డ్రాఫ్టుల జాబితాలోంచి తీసేసి, అందులో పనికొచ్చే పేరా ఏదైనా ఉంటే ఫోన్‌లో వాక్యాలు రాసిపెట్టుకునే ఆ ఫైలులోకి మార్చండి. వాక్యం వచ్చినవాటిలో అయిదు మాత్రమే ఉంచుకోండి. డ్రాఫ్టుల పేజీ తెరవగానే పూర్తి చేయనివన్నీ కళ్ళ ముందు నిలబడి నిలదీస్తుంటే ఎవరికైనా రాయబుద్ధి కాదు.

కొన్ని సందర్భాల్లో ఇవేవీ పనిచేయవు. నిద్ర చాలనివారికి ఏ పద్ధతీ సాయపడదు. విషయం మీద మీకే ఇష్టం తగ్గిపోయి, సెర్చ్‌లో వస్తుందనో ప్రకటనల ఆదాయం కోసమో రాస్తున్నా దృష్టి నిలవదు. అప్పుడు మార్చవలసింది విషయాన్ని. బ్లాగు దగ్గరే కాక ఆఫీసులో, చదువులో, నలుగురితో మాట్లాడేటప్పుడు కూడా చాలాకాలంగా దృష్టి నిలవడం లేదంటే అది రాత సమస్య కాదు, వైద్యుడిని కలవండి.

విరామం గురించిన మీ చివరి ప్రశ్న. నిల్వ అయిపోయి, రాయలేని కాలం వస్తే ఆపేయండి. ఎప్పుడు తిరిగి వస్తారో తెలిస్తే ఒక్క వాక్యం పెట్టండి, తెలియకపోతే అదీ వద్దు. సెర్చ్ ద్వారా వచ్చే పాఠకుడికి మీరు లేరన్న సంగతే తెలియదు, అతనికి కావలసిన పాత టపా అక్కడే ఉంటుంది. ఫీడ్ (కొత్త టపాలను చందాదారులకు చేర్చే ఏర్పాటు) ద్వారానో ఈమెయిల్ ద్వారానో చదివేవారు మీరు మళ్ళీ రాసిన రోజున చదువుతారు. తిరిగి వచ్చినప్పుడు మాత్రం ఇన్నాళ్ళు ఎందుకు రాయలేదో వివరించే టపాతో మొదలుపెట్టకండి. అది రాయడానికీ ఒక సాయంత్రం పడుతుంది, పాఠకుడికి దానివల్ల ఏమీ దొరకదు. ఆ సాయంత్రంలో మీ అయిదు వాక్యాల్లో ఒకదాన్ని తీసుకుని టపా రాసి ప్రచురించండి.